మసి ఒకరికి, నీడ ఒకరికి

పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నం నడిస్తే అరికాళ్లు నల్లబడతాయి. విశాఖపట్నం పాతనగరంలో, జ్ఞానాపురంలో, కాన్వెంట్ జంక్షన్ చుట్టుపక్కల వీధుల్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. డాబా మీద ఆరేసిన చీరను సాయంత్రం దులిపితే మసి రాలుతుంది. కిటికీ తెరిస్తే బొగ్గు పొడి, మూస్తే ఉక్కపోత. సముద్రం పక్కనే పుట్టి, సముద్రపు గాలి కోసం కిటికీ తెరవలేని బతుకు. మందుల షాపులో ఇన్‌హేలర్ పేరు పలకడం ఆ వీధుల్లో చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఇదంతా నిన్న మొన్న మొదలైంది కాదు. తాతలు తుడిచారు, తండ్రులు తుడిచారు, ఇప్పుడు మనవలు తుడుస్తున్నారు.

పక్కనే ఉన్న పోర్టు నుంచి వచ్చే ఈ మసి గురించి నోరు తెరిస్తే చాలు, "పోర్టు వద్దంటారా? అభివృద్ధి వద్దంటారా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఎవరన్నారు వద్దని? 1933లో ఓడరేవు మొదలైన దగ్గర్నుంచి ఆ వీధుల్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది ఆ పోర్టు కూలితోనే. బస్తాలు మోసిన భుజాలు, కళాసీ పనికి వెళ్లిన చేతులు ఆ ఇళ్లవే. పోర్టు విలువ వాళ్లకు చెప్పాల్సిన అవసరం ఇంకొకరికి లేదు. వాళ్లు అడుగుతున్నది ఒక్కటే. బొగ్గు కుప్పల మీద కప్పు వేయండి. ఆ కుప్పలకూ మా పిల్లల మంచాలకూ మధ్య కొంత జాగా, ఆ జాగాలో కొన్ని చెట్లు ఉంచండి. ఇంత చిన్న కోరిక తీరడానికి ఎన్ని తరాలు పడుతుంది?

విశాఖ గాలి సంగతి రాసే శాస్త్రవేత్తలు ఈ ఊరిని గిన్నెతో పోలుస్తారు. ఉత్తరాన కైలాసగిరి వరస, దక్షిణాన యారాడ కొండల వరస, తూర్పున సముద్రం, నడుమ పల్లం. ఆ పల్లంలోనే పోర్టు, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, వాటిని ఒరుసుకుని జనం. ఏడాదిలో చాలా నెలలు గాలి నైరుతి నుంచి వీస్తుంది, పెద్ద పరిశ్రమలున్నదీ ఆ వైపే. కాబట్టి అక్కడ లేచిన పొడి ఊరి మీదికే వస్తుంది. చలికాలం తెల్లవారుజామున సంగతి ఇంకా అన్యాయం. చల్లటి గాలి నేలను అంటిపెట్టుకుని, పైన వెచ్చటి పొర కమ్ముకుంటుంది. కింద లేచిన దుమ్ముకు పైకి పోయే దారి ఉండదు. ఎండ ఎక్కేదాకా జనం దాన్నే పీలుస్తారు. బడికెళ్లే పిల్లలు, పాలవాళ్లు, చేపల బుట్టలతో బయల్దేరే ఆడవాళ్లు రోడ్డు మీద ఉండేదీ ఆ వేళలోనే.

2023-24లో ఈ పోర్టు 8 కోట్ల టన్నులకు పైగా సరుకు దించింది, ఎక్కించింది. ఆ సంఖ్యను పండగలా ప్రకటించారు. అందులో బొగ్గు ఉంది, ఖనిజం ఉంది. బైలడిల్లా గుట్టల నుంచి కొండల్లో సొరంగాలు దాటి రైలు మీద దిగే ఎర్ర ఖనిజం ఒకవైపు, సముద్రం దాటి వచ్చే నల్ల బొగ్గు ఇంకోవైపు. ఓడ నుంచి క్రేను ఎత్తినప్పుడు కొంత, కుప్ప పోసినప్పుడు కొంత, వ్యాగన్‌లోకి గుమ్మరించినప్పుడు కొంత, పట్టా సరిగా కట్టని టిప్పరు గతుకులో ఎగిరినప్పుడు కొంత లేస్తుంది. చేతులు మారిన ప్రతిచోటా పొడి లేస్తుందని, ఎక్కడెక్కడ లేస్తుందో కూడా ఇంజనీర్లందరికీ తెలుసు. అరికట్టే పద్ధతులూ ఎప్పటినుంచో ఉన్నాయి. మూసిన గోదాములు, మూతవేసిన కన్వేయర్ బెల్టులు, టైర్లు కడిగాకే లారీని గేటు దాటనివ్వడం, ఎండలో ఆరిపోకుండా కుప్పలు తడపడం. నీళ్లు చల్లుతున్నామనీ, షెడ్లు వేస్తున్నామనీ, మొక్కలు నాటామనీ పోర్టు చెబుతూనే ఉంది. చేసినంత చేసి ఉండొచ్చు. గచ్చు మాత్రం ఇంకా నల్లగానే ఉంది. లెక్క తీయాల్సింది గచ్చు దగ్గర.

నన్ను మండించేది ఇక్కడ ఎవరికీ తెలియనిదంటూ లేకపోవడమే. తెలియక చేసిన తప్పయితే చెప్పి సర్దుకోవచ్చు. ఇక్కడ అన్నీ కొలిచారు, రాశారు, సంతకాలు పెట్టారు. దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, ఐఐటీ ఢిల్లీ కలిసి 2009లో లెక్కగట్టాయి. 70 మార్కులు దాటితే అది తీవ్రంగా కలుషితమైన ప్రాంతం. విశాఖకు 70.82 వచ్చింది. మన పటాన్‌చెరు, బొల్లారానికి 70.07. ఆ లెక్క చూసే 2010 జనవరిలో ఇక్కడ కొత్త పరిశ్రమలకు కేంద్రం అనుమతులు ఆపింది. తర్వాత కొన్నేళ్లకే ఆ నిషేధం ఎత్తేశారు. కార్యాచరణ ప్రణాళిక తయారైంది కదా, ఇంకేం అన్నారు. కాగితం మీద ప్రణాళిక తయారైతే ఊపిరితిత్తులు బాగుపడతాయా?

2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం వచ్చింది. దేశంలో 131 నగరాల్లో గాలి ప్రమాణాలకు అందడం లేదని ప్రభుత్వమే జాబితా వేసింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఊళ్లు 13. విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు అందులో ఉన్నాయి. తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు లాంటివి ఉన్నాయి. డబ్బూ వచ్చింది. ఆ డబ్బు దేశమంతటా ఎటు పోయిందో 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క తీసింది. ఖర్చులో 64 శాతం రోడ్డు దుమ్ముకు. పరిశ్రమల కాలుష్యం తగ్గించడానికి 0.61 శాతం. నూటికి ఒక్క రూపాయి కూడా కాదు! ఊడ్చే యంత్రాలు కొన్నారు, నీళ్లు చిమ్మే బండ్లు కొన్నారు, రోడ్డు పక్కన సిమెంటు పలకలు పరిచారు. దుమ్ము పుట్టే చోటును వదిలేసి, అది వచ్చి పడ్డ చోట ఊడ్చారు. ఊడ్చింది మర్నాటికి మళ్లీ వచ్చి పడుతుందని ఊడ్చేవాళ్లకూ తెలుసు, బిల్లు పాస్ చేసేవాళ్లకూ తెలుసు.

కొలత సంగతి వింటే ఇంకా కడుపు రగులుతుంది. గంట గంటకూ గాలిని కొలిచి కేంద్ర మండలికి నేరుగా లెక్క పంపే కేంద్రం ఏళ్ల తరబడి ఇంత నగరానికి ఒక్కటే ఉండేది. అది నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పేరు మీద నడిచేది. మిగతాచోట్ల మనుషులు వెళ్లి వారానికి రెండుసార్లు నమూనా పట్టుకొచ్చే కేంద్రాలే దిక్కు. వారంలో మిగిలిన ఐదు రోజులు గాలి ఎలా ఉందో పుస్తకంలో ఉండదు. ఓడ సరుకు మంగళవారం దించి, నమూనా గురువారం తీస్తే, మంగళవారం పీల్చిన పొడి లెక్కలోకే రాదు. బొగ్గు కుప్పలకు కూతవేటు దూరంలో నివసించే మనిషి పీల్చే గాలికి ఒక అంకె లేకపోతే, ఆ మనిషి ఏ ఫిర్యాదు పట్టుకుని ఏ మెట్లెక్కాలి? "ఆధారం చూపించు" అంటారు. ఆధారం తయారుచేసే యంత్రం పెట్టాల్సింది మీరు కదా!

పార్లమెంటులో ఎవరైనా అడిగినప్పుడల్లా కేంద్రం చెప్పే జవాబు ఒకటుంది. కేవలం గాలి కాలుష్యం వల్లే చనిపోయారని నేరుగా నిరూపించే నిర్ధారిత సమాచారం లేదని. 2019 ఒక్క ఏడాదిలో మన దేశంలో 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక అంచనా ప్రచురించింది. హైదరాబాద్‌తో కలిపి పది నగరాల్లో రోజువారీ మరణాల్లో 7.2 శాతం చిన్న ధూళికణాలతో ముడిపడి ఉన్నాయని 2024లో అదే పత్రికలో ఇంకో అధ్యయనం వచ్చింది. ఆయాసంతో పోయిన ముసలాయన మరణ ధ్రువపత్రం మీద "గాలి" అని ఏ డాక్టరూ రాయడు. గుండె అని రాస్తాడు, ఊపిరితిత్తులు అని రాస్తాడు. అలా రాయని మాటను అడ్డం పెట్టుకుని, లెక్క లేదు కాబట్టి చావు కూడా లేదని తప్పించుకోవడం ఎంత దుర్మార్గం!

ప్రమాణాల మాట కూడా చెప్పుకోవాలి. అతి సన్నని కణాలు, పీఎం 2.5 అంటారు వాటిని, ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన హద్దు 40, అదీ 2009లో గీసింది. ఎనిమిది రెట్లు వదులు. అంత వదులు హద్దును కూడా నిలబెట్టలేకపోతున్నాం.

ఇక పచ్చదనం దగ్గరికి వద్దాం. విశాఖలో చెట్లు లేవని ఎవరూ అనలేరు. ఉత్తరం వైపు కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. కైలాసగిరి ఉంది, బీచ్ రోడ్డు పొడవునా పార్కులున్నాయి. అవన్నీ ఏ వైపు ఉన్నాయో చూడండి. మసి పడేది ఒక వైపు, నీడ ఉండేది ఇంకో వైపు. మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాలు 2014లో చెప్పాయి. ఊరు మొత్తానికి సగటు వేసి చూపిస్తే అంకె బాగానే కనబడొచ్చు, కంబాలకొండను కలుపుకుంటే ఇంకా బాగా కనబడొచ్చు. జ్ఞానాపురం పిల్లాడు ఆడుకోవడానికి కంబాలకొండ వెళ్తాడా? వాడి సందు చివర ఒక్క రావిచెట్టు ఉంటే వాడికది చాలు. అదే లేదు.

ఉన్న పచ్చదనాన్నైనా కాపాడుకున్నామా? రుషికొండను చూడండి. సముద్రానికి ఎదురుగా పచ్చగా నిలబడ్డ కొండను భవనాల కోసం చెక్కేశారు. అనుమతులు మీరి తవ్వారని కేంద్రం వేసిన కమిటీయే తేల్చింది. కోసిన ఎర్రమట్టి గాయం ఊరంతటికీ కనబడుతుంటే, దాని మీద ఆకుపచ్చ రంగు పట్టా కప్పారు. ఆ ఫొటోలు పత్రికల్లో చూసిన ప్రతి ఒక్కరికీ గుర్తుండే ఉంటుంది. ఒక ప్రభుత్వం తవ్వింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ భవనాల్లో స్నానాల గదులు, బాత్‌టబ్బులు టీవీల్లో చూపించారు. కొండ మీద మళ్లీ ఏ చెట్లు మొలిపించాలి, ఎన్నేళ్లలో, ఎవరి బాధ్యతతో అన్న మాట ఏ నోటి నుంచీ గట్టిగా రాలేదు. రెండు పార్టీలకూ అది ఎన్నికల సరుకే అయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లను వేళ్లతో సహా పెకలించింది. మర్నాడు బయటికొచ్చి చూసినవాళ్లు ఇది మన ఊరేనా అనుకున్నారు. అదొక విపత్తు, ఎవరి తప్పూ కాదు. కానీ తర్వాత పదేళ్లలో జరిగినదానికి తుపానును నిందించలేం. మొక్కలు నాటే కార్యక్రమాలు ఎన్నో జరిగాయి. ఎన్ని నాటారో చెప్పే బోర్డులు కనబడతాయి. ఎన్ని బతికాయో చెప్పే బోర్డు నాకెక్కడా కనబడలేదు. నాటినవాటిలో కూడా తొందరగా ఎదిగి ఫొటోకు అందంగా ఉండేవి, డివైడర్ మధ్య కత్తిరించి నిలబెట్టేవే ఎక్కువ. వేప, కానుగ, రావి, మర్రి, చింత పెరగడానికి సమయం పడుతుంది, కమిషనర్ బదిలీ అయ్యేలోపు నీడ ఇవ్వవు. అందుకే వాటికి చోటు దొరకదు.

చెట్టు గాలిని ఎంతవరకు శుభ్రం చేస్తుందో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో మనల్ని సులువుగా మోసం చేస్తున్నారు. బొగ్గు పొడి లాంటి ముతక దుమ్మును ఆకులు పట్టుకుంటాయి. గరుకు ఆకు, నూగు ఉన్న ఆకు ఎక్కువ పట్టుకుంటుంది, వాన పడితే అది కడుక్కుపోయి నేలలో కలుస్తుంది. దట్టంగా, వెడల్పుగా, వరసలు వరసలుగా ఉంటే గాలి వేగం తగ్గి దుమ్ము అక్కడే రాలుతుంది. అదే పొగగొట్టాల నుంచి, డీజిల్ ఇంజన్ల నుంచి వచ్చే అతి సన్నని కణాలను చెట్లు ఆపగలిగేది తక్కువ. వాటిని పుట్టే చోటే ఆపాలి. కాబట్టి "లక్ష మొక్కలు నాటాం" అన్న మాట కాలుష్యం చేసినవాడికి క్షమాపత్రం కాకూడదు. రోడ్డు మధ్య రెండడుగుల వెడల్పులో పూలమొక్కలు పెట్టి గ్రీన్ బెల్ట్ అనడం జనాన్ని అవమానించడమే. ఒక చెట్టు కొడితే రెండు నాటాలంటుంది వాల్టా చట్టం. అరవై ఏళ్ల మర్రి కొట్టేసి రెండు జానెడు మొక్కలు పెడితే ఆ మర్రి చేసిన పని ఎవరు చేస్తారు? ఆ రెండూ బతికి అంతవుతాయనే అనుకుందాం. ఈలోగా పుట్టి పెరిగే పిల్లల సంగతేమిటి?

పరిశ్రమ స్థలంలో మూడో వంతు చెట్లకు వదలాలన్నది పర్యావరణ అనుమతుల్లో ఏళ్ల తరబడి పెట్టిన షరతు. అది చేయలేని పని కాదని చూపించే చోటు ఇదే ఊళ్లో ఉంది. ఉక్కు కర్మాగారం కట్టినప్పుడు చుట్టూ జాగా వదిలి లక్షల చెట్లు పెంచారు. ఎండాకాలం గాజువాక నుంచి ఉక్కునగరంలోకి అడుగుపెట్టినవాళ్లకు ఆ తేడా ఒంటికే తెలుస్తుంది. అది దేవుడిచ్చింది కాదు. ఎవరో ఇంజనీరు గీత గీసి, ఈ జాగాలో ఇటుక పడకూడదని పట్టుబట్టి, నీళ్లు పోయించి పెంచింది. అటువంటి గీత పాతనగరానికి గీయడానికి ఎవరికి చేతులు రాలేదు? అక్కడ ఉన్నది అధికారులు, ఉద్యోగుల క్వార్టర్లు, ఇక్కడ ఉన్నది కూలీ ఇళ్లు. ఈ మాట అనకుండా ఎంత మెత్తగా రాద్దామన్నా రాయలేకపోతున్నాను.

ఫ్యాక్టరీకీ ఇంటికీ మధ్య జాగా లేకపోతే ఏమవుతుందో 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో చూశాం. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన కర్మాగారం చుట్టూ ఊరు పెరిగి గోడకు గోడ ఆనింది. ఆ తెల్లవారుజామున స్టైరీన్ లీకైతే జనం నిద్రలోంచి లేచి పరిగెత్తుతూ రోడ్ల మీద పడిపోయారు. 12 మంది ప్రాణాలు పోయాయి, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు ప్రముఖులు వచ్చారు, కమిటీలు పడ్డాయి, పరిహారాలు ప్రకటించారు. ఒకే రాత్రి పన్నెండుమందిని చంపిన గాలికి దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. రోజూ కొంచెం కొంచెంగా ఊపిరి తీసే గాలికి ఎవరూ రారు. కెమెరాకు అందే చావుకే మన దగ్గర విలువ.

ప్రభుత్వాలను అన్నాక మనల్నీ అనుకోవాలి. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే పెద్దలారా, ఎంవీపీ కాలనీలో, రుషికొండ అపార్టుమెంట్లలో బాల్కనీ నుంచి సముద్రం చూసే సోదరులారా, నివసించడానికి బాగుండే నగరమని ర్యాంకు వస్తే వాట్సాప్‌లో పంచుకుంటాం కదా. ఆ ర్యాంకు వచ్చిన ఊళ్లోనే కాన్వెంట్ జంక్షన్ కూడా ఉంది. ఆ వైపు వెళ్లేటప్పుడు కారు అద్దాలు ఎత్తేసి దాటిపోతాం. మన వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలితే పది నిమిషాల్లో ఎమ్మెల్యేకు ఫోన్ చేస్తాం. వాళ్ల వీధిలో దశాబ్దాలుగా మసి రాలుతుంటే "అక్కడ అంతే, అలవాటైపోయింది వాళ్లకు" అంటాం. ఊపిరితిత్తులకు అలవాటు ఉండదు. ఓర్చుకోవడాన్ని మనం అలవాటని పిలుస్తున్నాం. కేంద్ర ప్రభుత్వంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ లాంటి పెద్దవాళ్లు ఈ వయసులోనూ ఊరి కాలుష్యం మీద ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు. ఇరవై లక్షలమంది ఊళ్లో ఉత్తరాలు రాసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలిగితే, వాటిని చదవని అధికారికి భయమెందుకుంటుంది?

రేపు ఈ ఊరికి ఇంకా చాలా రాబోతున్నాయి. మెట్రో అంటున్నారు, డేటా సెంటర్లంటున్నారు, కొత్త రోడ్లు, కొత్త టవర్లు. ప్రతిదానికీ కొన్ని చెట్లు అడ్డమొస్తాయి, ప్రతిదాని దగ్గరా సిమెంటు దుమ్ము లేస్తుంది. వాటన్నిటికీ భూమి దొరుకుతుంది, ఎన్ని వందల ఎకరాలైనా దొరుకుతుంది. జ్ఞానాపురానికీ బొగ్గు కుప్పలకూ మధ్య ముప్పై అడుగుల వెడల్పున చెట్ల వరసకు మాత్రం భూమి లేదంటారు.

కాబట్టి ఈ చలికాలం దిగేలోపు పోర్టు గోడను ఆనుకున్న వీధుల్లో, మల్కాపురంలో, గాజువాకలో గంట గంటకూ కొలిచే యంత్రాలు పెట్టండి. ఆ అంకెను కార్యాలయంలో కాదు, ఆ వీధి మొగలో పెద్ద తెర మీద వేయండి. కప్పు లేని బొగ్గు కుప్ప ఒక్కటి కూడా ఉండకూడని తేదీ ఏదో చెప్పండి, ఆ తేదీ దాటితే ఎవరి మీద చర్య తీసుకుంటారో పేరుతో సహా చెప్పండి. నాటిన మొక్కల్లో మూడేళ్ల తర్వాత బతికున్నవాటికే కాంట్రాక్టరుకు పూర్తి బిల్లు ఇవ్వండి. వచ్చే బడ్జెట్ సమావేశంలో జీవీఎంసీ కౌన్సిల్ హాల్లో లేచి నిలబడి, పచ్చదనం పద్దు కింద జ్ఞానాపురం పేరు పక్కన ఎంత సొమ్ము రాశారో చదవండి. సున్నా అయితే సున్నా అనే చదవండి, మైకులో, గ్యాలరీలో కూర్చున్న ఆ వీధుల ఆడవాళ్లందరికీ వినబడేటట్టు.